బలానికి ఇన్ని మార్కులా?

కిందటి వానాకాలం సంగతి. మా ఇబ్రహీంపట్నంలో మూడు రోజులు ముసురు పట్టింది. తొమ్మిదో తరగతిలో సగం బెంచీలు ఖాళీ. కొత్త పాఠం మొదలుపెడితే రానివాళ్లకు నష్టం. అందుకని, "ఇవాళ నేను చెప్పను. మీరు చెప్పండి, నేను వింటాను" అన్నాను.

ఒక పిల్లవాడు సంచీలోంచి అట్ట చిరిగిన కామిక్ పుస్తకం ఒకటి తీశాడు. ఇంకేముంది! అయిదు నిమిషాల్లో తరగతి నాలుగు పార్టీలయింది. సూపర్‌మాన్ గొప్పా? హల్క్ గొప్పా? స్పైడర్‌మాన్ గొప్పా? బాట్‌మాన్ గొప్పా? గొంతులు పక్క తరగతికి వినబడేటంతగా లేచాయి. చివరికి నల్లబల్ల మీద నాలుగు పేర్లూ రాసి ఓట్లు వేయించాను. సూపర్‌మాన్ గెలిచాడు. హల్క్ రెండోవాడు. స్పైడర్‌మాన్ మూడోవాడు. పాపం, బాట్‌మాన్‌కు డిపాజిట్టు కూడా దక్కలేదు.

"సూపర్‌మాన్‌కే ఎందుకు వేశారు?" అని అడిగితే అందరి జవాబూ ఒకటే: "ఆయనను ఎవ్వలు గెలువలేరు సార్!"

అప్పుడు వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, "సార్, మరి మీ ఓటు ఎవలకు?" అంది. సరిగ్గా అప్పుడే గంట కొట్టారు. నేను బతికిపోయాను.

ఆ బాకీ ఇప్పుడు తీరుస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ కథల్లోని బలవంతులకు మీరు అవసరానికి మించి మార్కులు వేస్తున్నారు. నిజంగా మార్కులు వేయవలసిన పని ఆ కథల్లోనే ఉంది. కాని దాన్ని మీరు చూడకుండానే పేజీ తిప్పేస్తున్నారు. ఎలాగో ఒక్కొక్కరినే పిలిచి చూద్దాం.

చీమ సాక్ష్యం చెల్లదు

ముందుగా మొదటి స్థానం వాడు. సూపర్‌మాన్ 1938లో పుట్టాడు. కన్నవాళ్లు ఇద్దరు అమెరికా యువకులు. కథ రాసినవాడు జెర్రీ సీగెల్, బొమ్మ వేసినవాడు జో షూస్టర్. మొదట్లో అతనికి ఎగరడం రాదని మీకు తెలుసా? దూకడం మాత్రమే వచ్చు. ఒక్క దూకుకు మైలులో ఎనిమిదో వంతు, అంటే సుమారు 200 మీటర్లు. ఎగరడం తరవాతి సంవత్సరాల్లో నేర్చుకున్నాడు. ఆపైన కళ్లలోంచి వేడి, నోట్లోంచి మంచు గాలి. కథకు ఏది కావలిస్తే అది వచ్చి చేరింది.

ఆ మొదటి కథ మొదటి పేజీలోనే ఒక "శాస్త్రీయ వివరణ" కూడా ఉంది. చీమ తన బరువుకు ఎన్నో రెట్లు మోస్తుంది కదా, మిడత తన పొడవుకు ఎన్నో రెట్లు దూకుతుంది కదా, కనుక ఇతని బలంలో వింత ఏముంది అని దాని సారాంశం. వినడానికి బాగానే ఉంది. మీలో చాలామంది కూడా "చీమ మనిషంత అయితే లారీని ఎత్తుతుంది" అనుకుంటారు. ఇక్కడే ఉంది తిరకాసు.

ఒక సుద్దముక్కల పెట్టె తీసుకోండి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రెట్టింపు చేయండి. అడుగు భాగం వైశాల్యం 4 రెట్లవుతుంది. లోపల పట్టే సుద్దముక్కలు మాత్రం 8 రెట్లవుతాయి. అంటే బరువు 8 రెట్లు. ఇప్పుడు దీన్ని ప్రాణికి అన్వయించండి. కండరం బలం దాని మందం మీద, అనగా అడ్డుకోత వైశాల్యం మీద ఆధారపడుతుంది. శరీరం బరువు ఘనపరిమాణం మీద ఆధారపడుతుంది. ప్రాణి పెద్దదయ్యేకొద్దీ బలం పెరుగుతుంది, కాని బరువు అంతకంటే ఎక్కువగా పెరుగుతుంది.

లెక్క వేద్దాం. చీమ పొడవు 5 మిల్లీమీటర్లు, అది తన బరువుకు 10 రెట్లు మోస్తుంది అనుకుందాం. దాన్ని 300 రెట్లు సాగదీస్తే మీ ఎత్తు, ఒకటిన్నర మీటరు అవుతుంది. బలం 300 × 300, అంటే 90,000 రెట్లయింది. బరువు 300 × 300 × 300, అంటే 2 కోట్ల 70 లక్షల రెట్లయింది. బలం కన్నా బరువు 300 రెట్లు ఎక్కువగా పెరిగింది. కాబట్టి 10 రెట్లు మోసే చీమ ఇప్పుడు మోయగలిగేది తన బరువులో 30వ వంతు! లారీ మాట దేవుడెరుగు, తన కాళ్ల మీద తాను లేచి నిలబడలేదు.

ఈ సంగతి కొత్తది కాదు. గెలీలియో 1638లో అచ్చయిన పుస్తకంలోనే చెప్పాడు, పెద్ద జంతువు ఎముక పొడవుకు తగినంతే లావుంటే సరిపోదని. జె.బి.ఎస్. హాల్డేన్ అనే జీవశాస్త్రజ్ఞుడు 1926లో, ప్రాణులకు తగిన పరిమాణం ఏది అన్న ప్రశ్న మీద ఒక చక్కని వ్యాసం రాశాడు. అంటే సూపర్‌మాన్ పుట్టడానికి 12 ఏళ్ల ముందే చీమ సాక్ష్యం కొట్టుడుపోయిందన్నమాట!

ఈ హాల్డేన్‌కూ మనకూ ఒక బంధుత్వం ఉంది. ఆయన ఇంగ్లండులో పుట్టినా 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడ్డాడు, ఇక్కడి పౌరుడయ్యాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన దేహాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం ఇచ్చేయాలని ముందే రాసిపెట్టాడు. ఆ దేహం చేరింది కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు. పోయాక కూడా పాఠం చెప్పిన మనిషి! ఆయన మీద కామిక్ పుస్తకం నేనైతే చూడలేదు.

తువ్వాల చిన్నదైంది

"సార్, కథను కథలాగ చదవాలె గాని స్కేలు పెట్టి కొలుస్తరా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కథలో జరగనివి జరగవచ్చు. అందుకే అది కథ. నాకు అభ్యంతరం లేదు. కాని ఒక సంగతి చెబుతాను, వినండి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో వేరే ఊళ్లో పనిచేసేవాణ్ని. అక్కడ ఏడో తరగతి పిల్లవాడొకడు, ఎగిరే వీరుడి కథ ఏదో చూసి, మెడకు తువ్వాల కట్టుకుని వాళ్ల వరండా కప్పు మీది నుంచి దుమికాడు. కాలి ఎముక విరిగింది. సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. తల్లి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. వాడు మంచం మీద పిండికట్టుతో ఉన్నాడు. "ఏమైందిరా?" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "తువ్వాల చిన్నగైంది సార్. దుప్పటి కట్టుకుంటె గాలి పట్టు" అన్నాడు.

నాకు నవ్వు వచ్చింది. బీడీలు చుట్టే ఆ తల్లి చెయ్యి ఆగిపోవడం చూసి నవ్వు ఆగిపోయింది. వాడు తెలివితక్కువవాడు కాడు. ప్రయోగం చేశాడు, ఫలితం చూశాడు, ఒక నిర్ణయానికి కూడా వచ్చాడు. నిర్ణయమే తప్పు. మళ్లీ దుమికేవాడే! ఆ నెలంతా నేను పై తరగతులకు గురుత్వ త్వరణం విలువ 9.8 అని బల్ల మీద రాస్తూనే ఉన్నాను. ఆ 9.8 ఒక పిల్లవాడి ఎముకను ఏం చేస్తుందో ఏ తరగతిలోనూ చెప్పలేదు. ఆ తప్పు నాది. అందుకే ఇప్పుడు చెబుతున్నాను.

సూపర్‌మాన్ కథల్లో తరచూ ఒక దృశ్యం వస్తుంది. మేడ మీది నుంచి ఎవరో పడిపోతుంటారు. అతను రివ్వున వచ్చి, ఉక్కులాంటి చేతులతో ఠక్కున పట్టుకుంటాడు. మీరు చప్పట్లు కొడతారు. నాకు మాత్రం గుండె ఝల్లుమంటుంది.

ఎందుకంటారా? 40 కిలోల పిల్లవాడు 5 మీటర్ల ఎత్తు నుంచి పడ్డాడనుకోండి. లెక్క సులువు కావడానికి g విలువ 10 అనుకుందాం. కిందికి వచ్చేసరికి వేగం సెకనుకు 10 మీటర్లు. ద్రవ్యవేగం 40 × 10, అంటే 400. రాతి నేల మీద పడితే సెకనులో నూరో వంతులో ఆగిపోతాడు అనుకుందాం. అప్పుడు శరీరం మీద పడే బలం 400 ÷ 0.01, అంటే 40,000 న్యూటన్లు. సుమారు 4 టన్నుల బరువు మీద పడినట్టు! ఉక్కు చేతులు కూడా అంతే హఠాత్తుగా ఆపితే, అవి చేతులైతేనేం, బండరాయి అయితేనేం?

అదే నలుగురు మనుషులు ఒక గట్టి దుప్పటిని నాలుగు మూలలా పట్టుకున్నారనుకోండి. దుప్పటి కుంగుతుంది. పిల్లవాడు ఆగడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది. ఇప్పుడు బలం 400 ÷ 0.2, అంటే 2,000 న్యూటన్లు. ఇరవై రెట్లు తగ్గింది! మనిషిని చంపేది పడటం కాదు, ఒక్కసారిగా ఆగటం. క్రికెట్‌లో బంతి పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాక్కుంటారే, లాంగ్‌జంప్ గుంటలో ఇసుక పోస్తారే, అన్నీ ఈ సూత్రం మీదనే.

కామిక్ రచయితలకు ఇది తెలియదనుకోకండి. 1973లో వచ్చిన స్పైడర్‌మాన్ కథ ఒకదానిలో అతని స్నేహితురాలు గ్వెన్ స్టేసీ వంతెన మీది నుంచి పడిపోతుంది. అతను సాలీడు దారం విసిరి ఆమెను పట్టుకుంటాడు. కాని ఆమె బతకదు. హఠాత్తుగా ఆగడమే ఆమె ప్రాణం తీసిందని తరవాత ఆ పత్రికలోనే వివరించారు. అంతటి వీరుడికీ న్యూటన్ నుంచి మినహాయింపు దొరకలేదు. నా మటుకు నాకు, వందలాది కామిక్కుల్లో అది ఒక నిజాయితీ గల పేజీ.

కాబట్టి ఆ పట్టుకునే దృశ్యంలో నా మార్కులు ఉక్కు చేతులకు కాదు. దుప్పటి పట్టుకున్న నలుగురికి.

హల్క్ కాకముందు

ఇక రెండో స్థానం వాడు, ఆకుపచ్చని హల్క్. ఇతను 1962లో వచ్చాడు. బ్రూస్ బానర్ అనే బక్కపలచటి శాస్త్రజ్ఞుడికి గామా కిరణాలు తగులుతాయి. దాంతో అతను కోపం వచ్చినప్పుడల్లా కొండంత అయిపోతాడు.

ఆ అదనపు కండ ఎక్కడి నుంచి వచ్చింది? ద్రవ్య నిత్యత్వ నియమం చదివారు కదా. అన్నం తినకుండా ఎవరూ లావు కారు. పోనీ, శక్తే పదార్థంగా మారింది అందాం. ఐన్‌స్టైన్ సూత్రం ప్రకారం ఒక్క కిలో పదార్థానికి ఎంత శక్తి కావాలో తెలుసా? మనకు దగ్గరలోనే రామగుండంలో కట్టిన ఎన్.టి.పి.సి. విద్యుత్కేంద్రం సామర్థ్యం 2,600 మెగావాట్లు. అంతటి కేంద్రం పూర్తి సామర్థ్యంతో రాత్రింబగళ్లు సుమారు 400 రోజులు నడిస్తే వచ్చే విద్యుత్తు ఒక్క కిలోకు సరిపోతుంది. హల్క్‌కు కావలసినవి వందల కిలోలు! ఒక మనిషికి కోపం వచ్చినందుకు అంత ఖర్చా?

పైగా గామా కిరణాలు కండలు పెంచవు. అవి మన కణాల్లోని డి.ఎన్.ఏ.ను దెబ్బతీస్తాయి. కొలత తెలిసిన వైద్యుడు గురి చూసి ప్రయోగిస్తే అవే కిరణాలు కాన్సర్ గడ్డను కాల్చి ప్రాణం నిలబెడతాయి. కొలత తప్పితే ప్రాణం తీస్తాయి. కిరణాలు తగిలితే బలం వస్తుందన్న మాట పొరపాటున కూడా నమ్మకండి.

అయితే ఆ మొదటి కథలో మీరు పేజీ తిప్పేసిన చోటు ఒకటుంది. బానర్‌కు కిరణాలు ఎందుకు తగిలాయి? బాంబు పరీక్ష జరగబోయే మైదానంలోకి రిక్ జోన్స్ అనే కుర్రవాడు తెలియక వచ్చాడు. బానర్ చూశాడు. తాను సురక్షితమైన చోట ఉన్నాడు. బయటికి పరుగెత్తాడు. కుర్రవాణ్ని కందకంలోకి తోసేశాడు. తాను లోపలికి దిగేలోపల బాంబు పేలింది.

జాగ్రత్తగా గమనించండి. ఆ కథలోకెల్లా గొప్ప పని జరిగినప్పుడు హల్క్ ఇంకా పుట్టనే లేదు! ఆ పని చేసినవాడికి కండలు లేవు, ఆకుపచ్చ రంగు లేదు. ఆ బాంబు ఏం చేస్తుందో అందరికంటే బాగా తెలిసినవాడు అతనే. తెలిసీ పరుగెత్తాడు. మీరు మాత్రం ఆ తరవాత కార్లు విరగ్గొట్టినవాడికి ఓటు వేశారు.

కాటు గొప్పదా, కష్టం గొప్పదా?

మూడోవాడు స్పైడర్‌మాన్. ఇతనూ 1962లోనే, స్టాన్ లీ, స్టీవ్ డిట్కోల చేతుల్లో పుట్టాడు. పీటర్ పార్కర్ మీలాగే హైస్కూలు విద్యార్థి. సాలీడు కుట్టింది, సాలీడు బలం వచ్చింది. చీమ లెక్క తెలిసిన మీకు సాలీడు లెక్క మళ్లీ చెప్పనక్కరలేదు. "కుట్టడం వల్ల గొప్పవాడయ్యాడు" అంటే నేను ఒప్పుకోను. కుట్టించుకోవడంలో అతని ప్రతిభ ఏముంది? ఆ దారిన ఎవరు వెళ్లినా కుట్టేది.

మరి గొప్ప ఎక్కడుంది? అతను విసిరే దారంలో ఉంది. అసలు కామిక్‌లో ఆ దారం శరీరంలోంచి రాదు. రసాయనశాస్త్రం ఇష్టంగా చదివే ఆ కుర్రవాడు జిగురు ద్రవాన్ని తానే తయారు చేసుకుంటాడు, దాన్ని చిమ్మే పరికరాన్ని కూడా తానే చేసి మణికట్టుకు కట్టుకుంటాడు. 2002లో వచ్చిన సినిమాలో దాన్ని మార్చేశారు. దారం ఒంట్లోంచే వచ్చేస్తుంది. చూసేవాళ్లకు సులువుగా ఉంటుందనుకున్నారేమో! కాని ఒక విద్యార్థి చదివి, చేసి సాధించిన ఒకే ఒక్క వస్తువును అతని చేతిలోంచి లాక్కున్నట్టయింది. తరవాతి సినిమాల్లో దాన్ని తిరిగి ఇచ్చారు. సంతోషం.

ఇంకొకటి కూడా ఉంది. బలం వచ్చిన కొత్తలో పీటర్ ఒక దొంగ పారిపోతుంటే "నాకెందుకు" అని ఊరుకున్నాడు. ఆ దొంగే తరవాత అతన్ని పెంచిన బాబాయిని చంపాడు. బలం ఉన్నంత మాత్రాన వీరుడు కాలేదన్నమాట. సిగ్గుపడి, తప్పు తెలుసుకున్నాకే అయ్యాడు.

ఇక డిపాజిట్టు పోయిన బాట్‌మాన్. 1939లో వచ్చిన ఇతనికి వరాలేవీ లేవు. అందుకే కొందరు పెద్దవాళ్లు ఇతన్నే అందరికంటే గొప్ప అంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. వరం లేకపోతేనేం, తరగని ఆస్తి ఉంది. ఇతను మొదట కనిపించిన పత్రిక పేరులో "డిటెక్టివ్" అన్న మాట ఉంది. ఆధారాలు ఏరి, కారణం కనిపెట్టే పని అతనిది. ఆ పని చేసిన కథల్లో అతనికి పూర్తి మార్కులు. ఖరీదైన కారు నడిపిన కథల్లో మార్కులు ఆ కారు చేసిన మెకానిక్కుకు.

జాంబవంతుడి మాట

మీలో కొందరు కొండగట్టు మాల వేసుకునేవాళ్లున్నారు. "మరి మన అంజన్న?" అంటారు. భక్తి సంగతి వేరు, దానికి నేను తక్కెడ తేను. కాని రామాయణ కథలోని ఒక చోటు గుర్తు చేస్తాను. సముద్రపు ఒడ్డున వానరులంతా దిగాలుగా కూర్చున్నారు. దాటగలిగిన హనుమంతుడు ఒక పక్కన మౌనంగా ఉన్నాడు. అప్పుడు లేచినవాడు ముసలి జాంబవంతుడు. తాను దూకలేడు. కాని ఎవరు దూకగలరో తెలిసినవాడు. "నువ్వు చేయగలవు" అని చెప్పినవాడు. బలం పక్కన దాన్ని మేలుకొలిపే తెలివికి కూడా మన పెద్దలు చోటిచ్చారు. ఆ ముసలాయన బొమ్మ వేసిన చొక్కా ఎవరూ తొడుక్కోరు, అంతే.

అతిబలంతో ఇంకొక చిక్కు ఉంది. అది కథనే చంపేస్తుంది. ఎవరూ గెలవలేనివాడు ఓడిపోడని మొదటి పేజీలోనే తెలిస్తే చివరి పేజీ ఎందుకు చదవాలి? అందుకే సూపర్‌మాన్ కథకులు 1943లో రేడియో నాటకంలో క్రిప్టోనైట్ అనే రాయిని కల్పించారు. దగ్గరికి వస్తే అతని బలం పోతుంది. 1949లో ఆ రాయి కామిక్‌లోకీ వచ్చింది. చూశారా! ఎంతో బలం ఇచ్చినవాళ్లే, కథ నడవడానికి దాన్ని తీసేసే ఉపాయం వెతుక్కోవలసి వచ్చింది.

నా ఓటు

ఇక బాకీ తీరుస్తాను. నా ఓటు ఆ నలుగురిలో ఎవరికీ కాదు. కందకం వైపు పరుగెత్తిన బానర్‌కు, హల్క్ కాకముందు. గదిలో కూర్చుని ద్రవం కలిపిన పీటర్‌కు, ముసుగు తొడగకముందు. వరానికి మార్కులు వేయవద్దు. వరం అడగకుండా వచ్చింది, అది మీకు రాదు. పనికి వేయండి. పని మీరూ చేయగలరు.

ఇలా చూడటం అలవాటైతే మన ఊళ్లోనూ ఇలాంటివాళ్లు కనబడతారు. గాలివానకు తీగలు తెగినప్పుడు లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు ఏం చేస్తాడో చూడండి. కరెంటు ఆపిస్తాడు, ఆగిందో లేదో పరీక్షిస్తాడు, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుంటాడు. అతను తీగను పట్టుకుని బతికేది బలం వల్ల కాదు, తెలిసినదాన్ని మరిచిపోకపోవడం వల్ల. మీలో ఎందరి నాన్నలో గల్ఫ్ దేశాల్లో ఎండలో నిచ్చెనలెక్కుతున్నారు. నడుముకు తాడు కట్టుకున్నారా లేదా అని ఈసారి ఫోనులో అడగండి. ఆ తాడుకు ఏ సూపర్‌మాన్ శాలువా సాటి రాదు.

చివరగా ఒక ప్రయోగం. ఒక పాత దుప్పటి తీసుకోండి. ఇద్దరు పై అంచును ఎత్తి తెరలాగ పట్టుకోండి. కింది అంచును కొంచెం మడిచి తొట్టిలాగ చేయండి, లేకపోతే జారి నేల మీద పడుతుంది. మూడోవాళ్లు ఒక కోడిగుడ్డును ఆ తెర మీదికి బలంగా విసరండి. ఎంత గట్టిగా విసిరినా గుడ్డు పగలదు. అదే గుడ్డు గోడకేసి విసిరితే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు. ఎందుకో మీ మాటల్లో రాసి, మీ సైన్సు సారుకు చూపించండి.

రెండు జాగ్రత్తలు. మధ్యాహ్న భోజనంలో ఇచ్చిన గుడ్డు వాడకండి, అది తినడానికి. రెండోది, గుడ్డునే విసరండి. మీరు దుమకకండి.